హుకుం ఎవరిది, పూచీ ఎవరిది
దక్కన్ ఫౌజులు: 11వ భాగం

సిద్దిపేట నుంచి చేర్యాల మీదుగా దూల్మిట్ట దిక్కు పోతే బైరాన్‌పల్లి వస్తుంది. ఊళ్లో పాత బురుజు ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. దానికి దగ్గర్లోనే అమరుల స్తూపం. 1948లో ఈ ఊరు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. తర్వాత వరంగల్ జిల్లాకు పోయింది, 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. జిల్లాలు మారినా ఊరి లెక్కలో ఒక తేదీ మారలేదు. 1948 ఆగస్టు 27.

ఆ రోజు నిజాం ఫౌజు, పోలీసులు, రజాకార్లు కలిసి ఊరిని చుట్టుముట్టారు. అంతకుముందు రజాకార్లు ఒంటరిగా వచ్చిన ప్రతిసారీ ఊరు వాళ్లను వెనక్కి కొట్టింది. ఈసారి సర్కారీ ఆయుధాలు వెంట వచ్చాయి. బురుజు మీది కాపలా కూలిపోయాక మగవాళ్లను పట్టుకుని వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్లు తొంభై పైచిలుకని కొందరంటారు, 118 మంది అని ఇంకో లెక్క ఉంది. ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలను ఊరి పెద్దలు ఏళ్ల తరబడి గొంతు తగ్గించి చెప్పారు. అదే రోజు పక్కనున్న కూటిగల్‌లోనూ నెత్తురు పారింది.

ఈ కథను పాటల్లో విన్నాం, సభల్లో విన్నాం, ఆగస్టు వస్తే పత్రికల్లో చదువుతున్నాం. దాదాపు ప్రతిసారీ అది ఊరి వీరత్వం కథగానో, రజాకార్ల దుర్మార్గం కథగానో వస్తుంది. రెండూ నిజమే. అయితే ఈ ధారావాహిక నడుస్తున్నది ఫౌజుల మీద గనుక నేను వేరే ప్రశ్న పట్టుకుంటాను. ఆ రోజు బైరాన్‌పల్లిలో తుపాకీ పేల్చినవాళ్లకు పైఅధికారి ఎవరు? జరిగినదానికి ఆయన ఎవరి ముందు నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాలి? ఒక ఫౌజు తీరు ఏమిటో తెలియాలంటే దాని కవాతు చూసి లాభం లేదు, ఈ రెండు ప్రశ్నలకు జవాబు చూడాలి. హైదరాబాద్ రాజ్యంలో నూటయాభై ఏళ్లపాటు ఆ జవాబు ఎన్నడూ తేటగా లేదు.

గత భాగాలు చదివినవాళ్లకు మూలాలు గుర్తుండే ఉంటాయి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు అతని దళం చేత ఆయుధాలు కింద పెట్టించారు. పది వేలకు పైగా సిపాయిలున్న దళం అంత తేలిగ్గా ఎలా లొంగింది? జీతాల బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి వాళ్లను నిర్బంధించారు. దొర బతికున్నన్నాళ్లూ దొర ముఖం చూసి పనిచేశారు. దొర పోయాక మిగిలింది తలబు లెక్కే.

తర్వాత రాజ్యం జమేదార్ల చేతికి చిక్కింది. అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లు, సిక్కులు ఎవరి జట్టు వాళ్లదే. జమేదార్ తన మనుషులను తానే తెచ్చుకునేవాడు, తానే జీతం పంచేవాడు. సిపాయికి నిజాం ఎవరో తెలియదు, జమేదారే సర్కారు. ఖజానా ఖాళీ అయినప్పుడల్లా ఈ జమేదార్లే దివాన్‌కు వడ్డీకి అప్పులిచ్చారు, బదులుగా తాలూకాల వసూళ్లను తాకట్టు పట్టుకున్నారు. రాజ్యాన్ని కాపాడాల్సినవాడే రాజ్యానికి షావుకారు అయ్యాడు. 1853లో ఇరవై నాలుగేళ్ల వయసులో దివాన్ గద్దె ఎక్కిన మొదటి సాలార్ జంగ్‌కు ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుకోవడమే పెద్ద పనైంది.

ఇంకోపక్క హైదరాబాద్ కంటింజెంట్ ఉండేది. రెసిడెంట్ హెన్రీ రసెల్ 1813లో మొదలుపెట్టిన బ్రిగేడు పెరిగి పెద్దదై ఆ పేరు తెచ్చుకుంది. జీతాలు నిజాం ఇవ్వాలి, అధికారులు ఇంగ్లీషువాళ్లు, హుకుం రెసిడెన్సీ నుంచి వస్తుంది. నిజాం జీతాలు ఇవ్వలేకపోయాడు. ఆ బాకీ కింద 1853లో బేరార్ పోయింది, 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలుకు శాశ్వతంగా పోయింది. సొమ్ము ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అయిన ఫౌజు ఇది. 1857లో ఔరంగాబాద్‌లో ఈ కంటింజెంట్ ఆశ్వికులు తిరగబడ్డారు, జులై 17న తుర్రేబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీదికి దండెత్తాడు. ఆ తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో చంపింది మన పక్కనే, తూప్రాన్ దగ్గర. సిద్దిపేట జనానికి అది ఇరుగుపొరుగు చరిత్ర. అయినా ఆ మనిషి పేరు కోఠీలో రోడ్డు బోర్డు మీద తప్ప పెద్దగా కనిపించదు.

కంటింజెంట్ కథ అక్కడితో ముగిసి ఉంటే ఈ భాగం రాయాల్సిన పని లేదు. 1903లో దాన్ని బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపారు. 1922 సంస్కరణల తర్వాత ఆ పటాలాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. పేరులో హైదరాబాద్ ఉంది గానీ పటాలంలో హైదరాబాద్ మనిషి కనిపించడు. సిపాయిలు కుమావోనీలు, అహీర్లు, జాట్లు. తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని ఇంగ్లీషు సేనాపతులు అప్పటికే తీర్మానించారు. కర్ణాటక యుద్ధాల నుంచి కంపెనీ కోసం ప్రాణాలిచ్చిన మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరుండేవారో ఆ సేనాపతుల దస్తావేజుల్లోనే రాసి ఉంది. ఒక తరం కిందటి దస్తావేజు తిరగేసే ఓపిక కూడా వాళ్లకు లేకపోయింది.

ఈ రెజిమెంట్‌లోని నాలుగో పటాలం, 4/19 హైదరాబాద్, ఒక ప్రయోగానికి వేదిక అయింది. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ అధికారుల కోసం ఎనిమిది పటాలాలను విడిగా కేటాయించింది. అందులో ఇదొకటి. పైకి ఔదార్యంలా కనిపించిన ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. భారతీయ అధికారులను ఎనిమిది పటాలాలకే పరిమితం చేస్తే ఇంగ్లీషు అధికారి ఎవడూ నల్లవాడి కింద పనిచేయాల్సిన గతి పట్టదు. ఆ కట్టుగోడ లోపలే కొడవ కుటుంబానికి చెందిన కె.ఎస్. తిమ్మయ్య ఎదిగాడు. హైదరాబాద్‌లో నిజాం వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ శ్రీనగేశ్ మల్లన్న కొడుకు ఎస్.ఎం. శ్రీనగేశ్ ఎదిగాడు. శ్రీనగేశ్ 1955లో, తిమ్మయ్య 1957లో దేశ సైన్యాధ్యక్షులయ్యారు. ఒకే పటాలం నుంచి వరసగా ఇద్దరు.

ఆ పటాలంలో జీవితం పూలపాన్పు ఏమీ కాదు. 1940లో అది సింగపూర్‌లో టైర్సాల్ పార్కు శిబిరంలో ఉంది. జహీరుద్దీన్ అనే భారతీయ యువ లెఫ్టినెంట్‌ను తిరిగి ఇండియాకు పంపించాలని ఇంగ్లీషు పైఅధికారులు నిర్ణయించారు. ఆయన చేసిన నేరం యుద్ధానికి సంబంధించింది కాదు, ఒక యూరోపియన్ స్త్రీతో స్నేహం, ఉత్తరంలో రాసిన నాలుగు ఘాటైన మాటలు. అహీర్ కంపెనీ సిపాయిలు హుకుం పాటించబోమని మొండికేశారు. సిపాయి హిందువు, అధికారి ముసల్మాను, అయినా తమ సాబ్‌కు అవమానం జరిగితే అది తమకే జరిగినట్టు లెక్కేసుకున్నారు. ఆ రోజుల్లో క్లబ్బుల్లో భారతీయ అధికారికి తలుపు తెరిచేవారు కాదు. అదే అధికారి యుద్ధభూమిలో మాత్రం ముందు నడవాలి. ఈ రెండు కొలతలు ఒకే శిబిరంలో ఇమడవని సిపాయికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఐదేళ్లు గడిచేసరికి గాలి మారింది. 1945 ఆరంభంలో బర్మాలోని కాంగా దగ్గర జరిగిన ఘోర యుద్ధంలో ఒకే బ్రిగేడులోని మూడు పటాలాలకూ భారతీయులే కమాండర్లు. అందులో 8/19 హైదరాబాద్‌ను నడిపింది తిమ్మయ్య. ఆ పటాలంలోనే సోమనాథ్ శర్మ అనే కుర్ర అధికారి పని నేర్చుకున్నాడు. 1945 అక్టోబరులో ఈ రెజిమెంట్‌కు కుమావూన్ రెజిమెంట్ అని పేరు మార్చారు. రెండేళ్లకు, 1947 నవంబరు 3న, అదే సోమనాథ్ శర్మ విరిగిన చేతికి కట్టుతోనే శ్రీనగర్ పక్క బడ్గాంలో పోరాడి చనిపోయి దేశపు తొలి పరమవీర చక్ర పొందాడు. మన బేరార్ తాకట్టు సొమ్ముతో పెరిగిన ఫౌజు వారసత్వం చివరికి తేలిన చోటు అది. హైదరాబాద్ పేరు దాని మీద మిగల్లేదు. నాకైతే ఇందులో విచారం ఏమీ లేదు. మనుషులు లేని చోట పేరు ఉండి ఏం లాభం?

ఇక నిజాం సొంత ఫౌజు సంగతికి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు, హైఫా పోరు నాటి అశ్విక బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు వాళ్లూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ సిపాయి. రెండో యుద్ధానికి వచ్చేసరికి అదృష్టం అడ్డం తిరిగింది. 1941 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్ కంటే కాస్త ముందే, జపాన్ సేనలు మలయాలోని కోట భారులో దిగాయి. అక్కడి విమానాశ్రయం కాపలా నిజాం సంస్థాన సైన్యంలోని ఒకటో హైదరాబాద్ పటాలానిది. పటాలం చెదిరిపోయింది. వెనక్కి పోతున్న మనుషులను ఆపబోయిన వాళ్ల కమాండర్, ఇంగ్లీషు కల్నల్ హెండ్రిక్స్, తన సిపాయిల చేతిలోనే చనిపోయాడని యుద్ధ చరిత్రలు రాస్తాయి. పిరికితనం అని ఒక్క ముక్కలో తేల్చేయడం సులువు. ఊరేగింపులకూ దర్బారు సలాములకూ అలవాటైన సంస్థాన ఫౌజును, సరైన తర్ఫీదు లేకుండా, తమ భాష తెలియని నేల మీద, తెలియని యుద్ధంలో నిలబెట్టినవాళ్ల తప్పు ఎవరూ అడగలేదు.

ఆ ఫౌజే 1947 ఆగస్టు తర్వాత ఒక స్వతంత్ర రాజ్యాన్ని కాపాడాల్సి వచ్చింది. సైన్యాధిపతి జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్, అరబ్బు వంశీకుడు, వృత్తి సైనికుడు. ఆయన చేతికింద సుమారు 24,000 మంది. అందులో పూర్తి తర్ఫీదూ ఆయుధాలూ ఉన్నవాళ్లు ఆరువేల మంది అని అంచనా. నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక ప్రకారం సికింద్రాబాద్‌లోని భారత సేనలు వెళ్లిపోయాయి. ఆయుధాలు లేని లోటు తీర్చుకోవడానికి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి రాత్రిళ్లు తుపాకులు మోసుకొచ్చాడు. రాజ్యం భవిష్యత్తు ఒక దొంగరవాణా పైలట్ మీద ఆధారపడిన రోజులవి.

ఈ నడుమ ఫౌజు పక్కన ఇంకో ఫౌజు మొలిచింది. ఖాసిం రజ్వీ లాతూరు వకీలు. అలీగఢ్‌లో చదివాడు, ఏనాడూ సైన్యంలో పనిచేయలేదు. బహదూర్ యార్ జంగ్ 1944లో మరణించాక మజ్లిస్ పగ్గాలు కొంతకాలానికి ఇతని చేతికొచ్చాయి. ఆ మజ్లిస్ సాయుధ దళమే రజాకార్లు. తాము రెండు లక్షల మంది అని ప్రచారం చేసుకున్నారు. సంఖ్య ఎంతైనా కానీ, వాళ్లలో ఎక్కువమందికి తర్ఫీదు లేదు, జీతం లేదు, హోదా లేదు. జీతం లేని ఆయుధధారి ఏం తిని బతుకుతాడో తెలంగాణ పల్లెలకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోళ్లు, మేకలు, నగలు, ధాన్యం కొట్లు.

నా లెక్కలో ఎల్ ఎద్రూస్ అసలు ఓటమి భారత సేనల చేతిలో జరగలేదు. తన రాజ్యంలో తనకు జవాబు చెప్పనక్కర్లేని సాయుధ దళం పెరుగుతుంటే సైన్యాధిపతి చూస్తూ ఊరుకోవడంలోనే అది జరిగిపోయింది. రజ్వీ మాటకు నిజాం దగ్గరా, ప్రధాని మీర్ లాయక్ అలీ దగ్గరా ఉన్న విలువ సైన్యాధిపతి మాటకు లేదు. పల్లెల్లో దాడి జరిగినప్పుడు రజాకార్లు ముందు, పోలీసులు పక్కన, కొన్నిచోట్ల ఫౌజు వెనక. తహశీల్దారుకు తెలుసు, అమీనుకు తెలుసు, కాగితం మీద ఎవరి హుకుమూ ఉండదు. బైరాన్‌పల్లిలో జరిగింది ఇదే. దానికి ముందు మార్చి 14న ఇప్పటి సిద్దిపేట జిల్లా హుస్నాబాద్ పక్కన మహమ్మదాపురం గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల సహచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలైనప్పుడు కనీసం అది రెండు సాయుధ దళాల మధ్య పోరు. బైరాన్‌పల్లిలో చంపింది పట్టుబడ్డ మనుషులను. ఆ తేడా తెలియని అధికారి ఏ సైన్యంలోనూ అధికారి కాడు.

మరి ఊరి పక్షాన ఉన్న సైన్యం ఎలాంటిది? దాన్ని సైన్యం అనొచ్చా అని కొందరు అడుగుతారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక సంఘం కట్టిన ఊళ్లలో గ్రామరక్షక దళాలు పుట్టాయి. మొదట్లో ఆయుధాలు గుత్పలు, వడిసెలలు, కారప్పొడి. తర్వాత భర్మార్లు, ఆ తర్వాత దొరల గడీల్లో గుంజుకున్న తుపాకులు. బురుజు ఎక్కి వంతులవారీగా కాపలా, దుమ్ము లేస్తే డప్పు. దళనాయకుడు పక్క ఊరి గొల్లో, గౌండ్లో, చిన్న రైతో, బడికి పోయి నాలుగు అక్షరాలు నేర్చిన పిలగాడో. తప్పు చేస్తే ఆ ఊళ్లోనే తలెత్తుకోలేడు. ఇంతకంటే గట్టి జవాబుదారీ ఏ మిలిటరీ కోర్టులోనూ దొరకదు. తిండి పెట్టే ఇల్లు, నీళ్లిచ్చే బావి అన్నీ వాళ్లవే గనుక దళం ఊరిని దోచుకోలేదు.

అయితే ఈ బొమ్మకు పూర్తిగా వన్నెలు వేస్తే అబద్ధం అవుతుంది. దళం ఊరు దాటి అడవికెక్కాక, కమ్యూనిస్టు పార్టీ కమిటీ నుంచి చీటీ మీద హుకుం రావడం మొదలయ్యాక, ఊరి అదుపు సడలింది. ద్రోహి అని ఎవరో పేరు చెబితే విచారణ ఎంతసేపు జరిగేదో పాల్గొన్నవాళ్లే తర్వాత రాసుకున్నారు. ఆడవాళ్ల సంగతి మరీను. మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు తుపాకీ పట్టి దళాలు నడిపారు. పోరు ముగిశాక పార్టీ వాళ్లలో చాలామందిని ఇంటికి పోయి వంట చేసుకోమంది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేసే దాకా ఆ మాట పెద్దగా బయటికి రాలేదు. సమానత్వం కోసం పోరాడిన దళంలోనూ నాయకత్వం అనగానే మీసం ఉన్న ముఖమే గుర్తొచ్చింది. ఆ విషయంలో ఢిల్లీ సైన్యం, అడవి సైన్యం అన్నదమ్ములే. దేశ సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 2020 ఫిబ్రవరిలో.

బైరాన్‌పల్లి మంట చల్లారకముందే, పదిహేడు రోజులకు, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సరిహద్దు దాటింది. దక్షిణ కమాండ్ అధిపతి రాజేంద్రసింహ్‌జీ. షోలాపూర్ వైపు నుంచి ప్రధాన దళాన్ని నడిపింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. బెజవాడ రోడ్డున వచ్చిన దళానికి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఈ రుద్ర కథ ఎవరైనా సినిమా తీయదగ్గది. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ ప్రిన్సిపాల్ కొడుకు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో మామూలు సిపాయిగా చేరి ఫ్రాన్స్ కందకాల్లో బురదలో పోరాడాడు. ఆ తర్వాత అధికారి అయ్యాడు. సిపాయి తిన్న రొట్టె రుచి తెలిసిన జనరల్ మన సూర్యాపేట దారిన నడిచి వచ్చాడు.

పోరు నాలుగైదు రోజుల్లో ముగిసింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. రెండు వైపులా ఉన్నది ఒకే ఇంగ్లీషు బడిలో కవాతు నేర్చిన అధికారులు గనుక అది మర్యాదగానే జరిగింది. సలాము కొట్టుకున్నారు, కరచాలనం చేసుకున్నారు. రజ్వీ జైలుకు పోయాడు, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా 1949 చివరి దాకా రాజ్యం ఏలాడు.

ఇక్కడితో ఆపితే పాఠ్యపుస్తకం అయిపోతుంది. ఆ తర్వాతి వారాల్లో మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో ముసల్మానుల మీద జరిగిన ఘోరాలను పరిశీలించడానికి నెహ్రూ పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపించాడు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. మృతులు 27,000 నుంచి 40,000 మధ్య ఉంటారని బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాల్లో మగ్గింది. అందులో ఒక విషయం మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు లూటీల్లోనూ హత్యల్లోనూ పాలు పంచుకున్నారని బృందం రాసింది. వేరేచోట్ల సైనికాధికారులు ముసల్మానుల ప్రాణాలకూ ఆస్తులకూ అడ్డంగా నిలబడి కాపాడారని కూడా రాసింది.

ఒకే సైన్యం, ఒకే నెల, ఒకే నిబంధనల పుస్తకం. ఒక తాలూకాలో దోపిడీ, పక్క తాలూకాలో కాపలా. పుస్తకంలో తేడా లేదు, అక్కడున్న మేజరులోనో కెప్టెనులోనో ఉంది. చెడ్డపని చేసినవాళ్ల మీద జరగాల్సిన విచారణ జరగలేదు, నివేదిక దాచేశారు. బైరాన్‌పల్లి హంతకులకు శిక్ష పడాలని గట్టిగా అడిగే మనం ఉస్మానాబాద్ సంగతి వచ్చేసరికి మాట మార్చకూడదు. రజాకార్లు చేశారు గనుక ఇదీ సరే అన్న వాదన ఇప్పటికీ కొన్ని నోళ్లలో వినిపిస్తుంది. యూనిఫాం వేసుకున్నవాడు మందలో మనిషిలా ప్రవర్తిస్తే ఆ బట్టలకు సర్కారు పైసా ఎందుకు ఖర్చుపెట్టాలి?

తెలంగాణలో కథ ఇంకో మూడేళ్లు సాగింది. రజాకార్లను తరిమిన సైన్యమే కమ్యూనిస్టు దళాల వేటకు దిగింది. పోరాటం ఆపాలా సాగించాలా అని పార్టీ చీలింది, రావి నారాయణరెడ్డి ఆపాలన్నాడు. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని అధికారికంగా విరమించారు. అంతలో జనగామ, చేర్యాల పల్లెలు మూడు రకాల సాయుధులకు అన్నం వండి పెట్టాయి, లేదా వండనందుకు దెబ్బలు తిన్నాయి. నిజాం ఫౌజు దళాలు చాలావరకు రద్దయ్యాయి. ఆ సిపాయిలలో ఎందరో హైదరాబాద్ వీధుల్లో రిక్షా తొక్కారు. వాళ్లను కూడా ఈ చరిత్ర మరిచిపోకూడదు. హుకుం ఇచ్చినవాళ్ల బంగళాలు మిగిలాయి, హుకుం మోసినవాళ్ల పూరిళ్లు మిగల్లేదు.

ఇవాళ సిద్దిపేట, హుస్నాబాద్, చేర్యాల కుర్రవాళ్లు తెల్లారకముందే ఆర్మీ ర్యాలీ కోసం పరుగులు తీస్తున్నారు. 1600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తాలో వాళ్లకు కంఠతా వచ్చు. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించాక నాలుగేళ్ల కొలువు, నూటికి ఇరవై ఐదు మందికే కొనసాగింపు అన్నారు. మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్‌లో నిరసనకారులు రైళ్లకు నిప్పుపెట్టారు, ఒక యువకుడు కాల్పుల్లో చనిపోయాడు. ఆ గొడవలో అందరూ పింఛను గురించే మాట్లాడారు, అది న్యాయమైన మాటే. నన్ను తొలిచే ప్రశ్న ఇంకొకటి. పటాలంలో సిపాయి తన హవల్దారును నమ్మడానికి, హవల్దారు తన మనిషిని ఎరగడానికి నాలుగేళ్లు సరిపోతాయా? 2020 జూన్‌లో గల్వాన్‌లో 16 బిహార్ పటాలం కమాండర్, సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ముందు వరసలో తానే నడిచాడు, ఆయన వెంట సిపాయిలు నడిచారు. అంతటి నమ్మకం ఒక్క రోజులో పుట్టేది కాదు. దీనికి జవాబు ఇప్పుడే చెప్పలేం, వచ్చే యుద్ధం చెబుతుంది, అది రాకుండా ఉంటేనే మంచిది.

తిమ్మయ్యను ఈ భాగంలో సగంలో వదిలేశాను, కావాలనే. 1959 ఆగస్టు 31న ఆయన రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పొసగక సైన్యాధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ నచ్చజెప్పగా వెనక్కి తీసుకున్నాడు. సీనియారిటీని పక్కనపెట్టి బి.ఎం. కౌల్‌కు పదోన్నతి ఇవ్వడం ఆ తగువులో ఒక ముఖ్య కారణం. మూడేళ్లకు చైనా యుద్ధం వచ్చింది, కౌల్ ఓడిపోయాడు, అప్పటి సైన్యాధ్యక్షుడు థాపర్ రాజీనామా చేశాడు. కూలిన సైన్యాన్ని నిలబెట్టమని 1962 నవంబరులో పిలిచింది ఎవరిని? మన పాత మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌధురినే. ఆ కథ వచ్చే భాగంలో.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. సిద్దిపేట, జనగామ, హుస్నాబాద్ వైపు మీ తాతలు, ముత్తాతలు ఎవరైనా నిజాం ఫౌజులోనో, కంటింజెంట్‌లోనో, గ్రామరక్షక దళంలోనో పనిచేసి ఉంటే, వాళ్ల కొలువు కాగితాలు, బిళ్లలు, ఫోటోలు, ఇంట్లో చెప్పుకున్న మాటలు దాచి ఉంచండి, మాకు రాసి పంపండి. జనరళ్లు తమ ఆత్మకథలు రాసుకున్నారు. సిపాయి తరఫున రాయాల్సింది మీరే.

(ఇంకా ఉంది)